చికిత్స ముగిసిన మర్నాటి నుంచి

మద్యం మానడానికి నేను ఒక చికిత్సా కేంద్రంలో 28 రోజులు ఉన్నాను. బయటికి వచ్చిన రోజున నా దగ్గర ఒక బట్టల సంచీ, మూడు రకాల మాత్రలు, మళ్లీ రావలసిన తేదీలు రాసిన కాగితం, ఆ కాగితం వెనుక పెన్సిల్‌తో రాసిన ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. మాత్రలూ తేదీలూ అవసరమైనవని అప్పుడే ఒప్పుకున్నాను గానీ, నంబరును మాత్రం మర్యాద కోసం తీసుకున్నాను. అది నాకంటే పదహారేళ్ల ముందు తాగుడు మానిన ఒక పెద్దాయనది. వారానికి ఒకసారి ఆయన కేంద్రానికి వచ్చి మా మధ్య కూర్చునేవారు. నంబరు రాసి ఇస్తూ, "తాగాలనిపించినప్పుడు చేయండి, తాగాక కాదు" అన్నారు. ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు తలకెక్కడానికి ఏడు నెలలూ, వాటి పైన నాలుగు రోజుల తాగుడూ పట్టాయి.

కేంద్రంలో గడిచిన రోజుల గురించి ఎక్కువ రాయను. మొదటి మూడు రోజులు చేతులు వణికాయి, దుప్పటి తడిసిపోయేలా చెమటలు పట్టాయి, రెండో రాత్రి గోడ మీద లేని పురుగులు పాకుతూ కనిపించాయి. రోజురోజుకూ మోతాదు తగ్గిస్తూ మాత్రలు ఇచ్చారు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఇంట్లోనే ఒక్కసారిగా మానేస్తే తొలి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చనీ, రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతి చలించి ప్రాణం మీదికి రావచ్చనీ డాక్టరు చెప్పినప్పుడు నేను నోరు మెదపలేదు. అంతకు ముందు రెండుసార్లు పంతం పట్టి ఇంట్లోనే మానబోయి, ఒకసారి స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయినవాణ్ణి నేను. దాన్ని నీరసం అనుకున్నాం.

ఇంటికి పంపే రోజు కౌన్సెలర్ మేడమ్ ఒక మాట అన్నారు. "ఇక్కడ మీరు తాగకుండా ఉన్నారంటే అందులో మీ గొప్పేమీ లేదు, గేటు మాది, తాళం మాది. బయట మీకు ఇంకా ఒక్క రోజు కూడా గడవలేదు." నాకు కోపం వచ్చింది. నెల రోజులు ఇంత కష్టపడితే ఒక మెచ్చుకోలు మాటైనా లేదేమిటని ఇంటికి వెళ్లే దారంతా మనసులో ఆమెతో వాదిస్తూనే ఉన్నాను.

బయట నన్ను ముందుగా ఇబ్బంది పెట్టినది మద్యం కాదు, నిద్ర. మద్యం మెదడును ఎన్నో ఏళ్లు నొక్కిపట్టి ఉంచుతుంది, మెదడు కూడా ఆ ఒత్తిడికి ఎదురు తన్నడం అలవాటు చేసుకుంటుంది. నొక్కేది తొలగిపోయినా ఆ ఎదురుతన్ను వెంటనే ఆగదు కాబట్టి వణుకు తగ్గిన తర్వాత కూడా నెలల పాటు నిద్ర కుదురుకోదని చెప్పారు. నాకు దాదాపు ఐదు నెలలు పట్టింది. పట్టిన కాస్త నిద్రలోనూ తాగినట్టు కలలు వచ్చేవి. కలలో నేను గ్లాసు ఎత్తి పూర్తిగా తాగేసేవాణ్ణి, ఆ తర్వాత దాన్ని ఎక్కడ దాచాలా అని ఇల్లంతా తిరిగేవాణ్ణి. మెలకువ వచ్చాక నోటిని అరచేత్తో మూసి ఊపిరి వదిలి వాసన చూసుకునేవాణ్ణి. ఇలాంటి కలలు మానినవారిలో చాలామందికి వస్తాయని తరువాత తెలిసింది. అప్పటికి మాత్రం, మనసులో ఇంకా తాగుబోతునే కాబట్టి ఇలా జరుగుతోందని ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాతి ఇబ్బంది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. పద్దెనిమిదేళ్లుగా ఆ రెండు గంటలూ నా చేతిలో గ్లాసు ఉండేది. గ్లాసు పోయింది గానీ, చెయ్యి ఆ వేళకు దాన్ని వెతుక్కోవడం మానలేదు. మేడమ్ నా చేత ఒక రోజును అరగంట చొప్పున గళ్లు గీయించి, ఏ గడిలో ఏం చేస్తానో రాయమన్నారు. ఉదయం గళ్లన్నీ నిండిపోయాయి. ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న నాలుగు గళ్లలో ఏమీ తోచక "విశ్రాంతి" అని రాశాను. ఆమె ఆ మాటను కొట్టేసి, "మీలాంటివాళ్లు తాగేది ఈ గడిలోనే" అన్నారు. ఆ నాలుగు గళ్లలో ఏదో ఒకటి పెట్టడమే మొదటి మూడు నెలల్లో నేను చేసిన అసలు పని అని ఇప్పుడు అనిపిస్తుంది. పనినుంచి వచ్చే దారి మార్చాను. ఒక గంట నడిచేవాణ్ణి. తిరిగి వచ్చి అమ్మాయి లెక్కల పుస్తకం ముందు కూర్చునేవాణ్ణి, నాకు ఆ లెక్కలు రాకపోయినా సరే.

మాత్రల్లో ఒకటి డైసల్ఫిరామ్. మద్యం కాలేయంలో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విష పదార్థంగా మారుతుంది, ఆ తర్వాత ఒక ఎంజైము దాన్ని హాని లేని ఆమ్లంగా మారుస్తుంది. ఈ మాత్ర ఆ రెండో మెట్టును మూసేస్తుంది. అందుకే ఇది వేసుకుని తాగితే ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కూడా రావచ్చు. దీని పుట్టుక కథ నాకు ఇష్టం. రబ్బరు పరిశ్రమలో వాడే ఒక రసాయనం తగిలిన కార్మికులు మద్యం ముట్టగానే జబ్బుపడుతున్నారని 1937లోనే ఒక కర్మాగారపు వైద్యుడు గమనించారు. తరువాత యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సెన్ అనే డెన్మార్క్ పరిశోధకులు అదే రసాయనాన్ని కడుపులో పురుగులకు మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూసుకున్నారు, ఆ తర్వాత మద్యం తీసుకుని అవస్థ పడ్డారు, 1948లో ఆ సంగతి ప్రకటించారు. మాత్ర మానినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. అంటే ఈ సాయంత్రం తాగాలనుకున్నవాడు ఆ నిర్ణయం రోజుల ముందే తీసుకుని ఉండాలి. నాలాంటి తొందరపాటు మనిషికి ఆ ఎడం బాగానే పనికివచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఈ మాత్రను మనిషికి తెలియకుండా అన్నంలో కలిపిపెట్టే ఇళ్లు ఉన్నాయి. తాగుడు మానేవారి మీటింగులకు నాతో పాటు వచ్చే ఒకాయనకు ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అలా పెట్టారు, ఆయన ఏమీ తెలియక బయట తాగి ఐసీయూ దాకా వెళ్లాడు. గుండె జబ్బు ఉన్నవారికి ఈ మాత్ర ఇవ్వకూడదు, వాడుతున్నవారికి కాలేయ పరీక్షలు చేయిస్తూ ఉండాలి, మద్యం కలిసిన దగ్గు మందులూ నోరు పుక్కిలించే మందులూ కూడా తగలకూడదు. తెలిసి వేసుకుంటేనే ఇది మందు. తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటివి కూడా ఉన్నాయనీ, ఎవరికి ఏది సరిపోతుందో కాలేయం, మూత్రపిండాల స్థితి చూసి డాక్టరే నిర్ణయించాలనీ నేను తరువాత తెలుసుకున్నాను.

తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం మీటింగుకు మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు పక్కన కుర్చీ చూసుకుని కూర్చున్నాను. తొందరగా లేచిపోవచ్చునన్నదే దానిలోని ఆలోచన. రుసుము లేదు, ఇంటి పేరు అడగరు, ఇష్టమైతే ఖర్చుల కోసం ఏదో కొంత వేయవచ్చు. సభ్యుడు కావడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలునని వాళ్ల నియమం. ఒక్కొక్కరే తమ పేరు చెప్పి, తాము మద్యానికి బానిసలమని చెప్పి మొదలుపెడుతుంటే నాకు చెమటలు పట్టాయి. నా వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి, "వినడానికి వచ్చానండీ" అన్నాను. ఎవరూ నొచ్చుకోలేదు. ఒక ముసలావిడ తాను వంటింట్లో సీసా దాచిన చోటు గురించి చెప్పింది. అది నా చోటే. సింకు కింద, పాత గుడ్డల వెనుక. లోకంలో నేనొక్కణ్ణే కనిపెట్టాననుకున్న చోటు అది.

అక్కడ దైవశక్తి ప్రస్తావన తరచూ వస్తుంది, నాకు అది మింగుడు పడలేదు, ఇప్పటికీ పూర్తిగా పడలేదు. ఆ సంగతి పెద్దాయనతో అంటే, "మిమ్మల్ని మీరు కాపాడుకోలేకపోయారు కదా, కాపాడేది మీకంటే పెద్దదైతే చాలు, ఈ గదిలో ఉన్న ఇరవై మందీ అనుకోండి" అన్నారు. అలా కూడా కుదరనివారికి వేరే దారులున్నాయి. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ బృందాలు దైవం ఊసు లేకుండా ఆలోచనల తీరును మార్చుకునే పద్ధతులతో నడుస్తాయి. నేను రెండూ చూసి, నడకదూరంలో ఉన్నదాన్ని పట్టుకున్నాను. ఏది గొప్పదన్న వాదనలో నాకు ఆసక్తి పోయింది. వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించిన సమీక్ష ఒకటి 2020లో వెలువడింది. తాగకుండా వరుసగా రోజులు గడపడంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ వైపు నడిపించే చికిత్స ఇతర పద్ధతుల కంటే మెరుగైన ఫలితాలు ఇచ్చిందని అది తేల్చింది. నేను అది చదివింది ఏడాది తర్వాత. మొదట వెళ్లింది మాత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న గళ్లు నిండుతాయని.

ఏడో నెలలో నాకు తిరగబెట్టింది. దుఃఖం వచ్చి తాగానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, నేను తాగింది మంచిరోజున. నేను చేసిన పనిని నలుగురిలో మెచ్చుకున్నారు. వాళ్లు ఎక్కడికో వెళ్తూ రమ్మన్నారు, ఎవరూ బలవంతం చేయలేదు. గ్లాసు ముందుకు వచ్చినప్పుడు, ఇన్ని నెలలు ఉండగలిగినవాణ్ణి ఒక్కటి తాగి ఆపలేనా అనుకున్నాను. ఆపగలిగాను కూడా, ఆ రాత్రికి. మర్నాడు ఉదయం లేవగానే, ఎలాగూ చెడింది కదా అన్న ఆలోచన వచ్చి కూర్చుంది. ఆ తర్వాతి మూడు రోజులు తాగింది ఆ ఆలోచనే. అమెరికా మనస్తత్వవేత్త ఆలన్ మార్లట్ ఈ స్థితినే ప్రత్యేకంగా వివరించారని మేడమ్ తరువాత చెప్పారు. నియమం ఒకసారి తప్పినవాడు ఆ తప్పును తన స్వభావానికే అంటగట్టుకుని, ఇక తనవల్ల కాదని మొత్తం వదిలేస్తాడట. మొదటి గ్లాసు కన్నా అదే ఎక్కువ చెరుపు చేస్తుందట.

నాలుగో రాత్రి ఒంటిగంటన్నరకు పెద్దాయనకు ఫోన్ చేశాను. కాగితం వెనుక ఉన్న ఆ నంబరును నేను నా అంతట నేను కలపడం అదే మొదటిసారి. నేను ఏదో క్షమాపణ మొదలుపెట్టబోతే ఆయన వినలేదు. "ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, ఆఖరిసారి ఎప్పుడు తాగారు" అని అడిగారు. ఒంటరిగా మానబోవద్దనీ, పొద్దున్నే ఆస్పత్రికి వెళ్దామనీ చెప్పి, తెల్లవారేసరికి వీధి తలుపు ముందు నిలబడ్డారు. దారిలో కూడా నీతులేమీ చెప్పలేదు.

ఈసారి మేడమ్ ఒక తెల్లకాగితం ముందు పెట్టి, ఆ సాయంత్రం నుంచి వెనక్కి రాసుకుంటూ వెళ్లమన్నారు. గ్లాసుకు ముందు ఏం జరిగింది, దానికి ముందు, దానికీ ముందు. మూడు వారాలుగా మీటింగుకు వెళ్లలేదు. నడక మానేశాను. పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాస్తూ రాస్తూ ఐదు వారాల వెనక్కి వెళ్లి, ఒక ఉదయం దగ్గర కలం ఆగింది. నా భార్య రోజూ పొద్దున్నే మాత్ర ఇచ్చి, నేను మింగేదాకా నిలబడేది. ఆ ఉదయం మాత్రను నాలుక కింద దాచి, ఆమె అటు తిరగగానే వాష్‌బేసిన్‌లో ఉమ్మేశాను. అది సగం కరిగి జాలీకి తెల్లటి ముద్దలా అంటుకుంటే వేలితో రుద్ది కడిగేశాను. తాగే ఉద్దేశం నాకు ఆ రోజు ఏ కోశానా లేదు, ఈ మాటను ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. బాగానే ఉన్నాను కదా, ఇక మాత్ర ఎందుకు అనుకున్నాను, అంతే. కానీ బాగున్నవాడు డాక్టరుతోనో భార్యతోనో ఆ మాట అని ఆపేయాలి గానీ, జాలీని వేలితో రుద్దడు. మేడమ్ ఆ పంక్తి కింద గీత గీసి, "మీరు తాగింది ఈ రోజున" అన్నారు.

చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మందికి వ్యసనం మళ్లీ తిరగబెడుతుందనీ, ఉబ్బసం, రక్తపోటు వంటి దీర్ఘకాలిక జబ్బులు తిరగబెట్టే తీరుతో ఇది పోల్చదగినదేననీ అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ చెప్పే లెక్క ఒకటి ఆమె చూపించారు. నాకు అది ఓదార్పుగా అనిపించలేదు, పని చెప్పినట్టు అనిపించింది. రక్తపోటు ఉన్నవాడు మందులు వాడుతూ పరీక్షలు చేయించుకుంటాడు గానీ ఒకసారి తగ్గింది కదా అని మరిచిపోడు.

అప్పటి నుంచి పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే, రోజూ ఫోన్ చేయాలి, చెప్పడానికి ఏమీ లేకపోయినా సరే. మొదటి నెల అది నాకు మహా నామోషీగా ఉండేది. నలభై నాలుగేళ్ల మనిషిని, బళ్లో హాజరు పలికినట్టు రోజూ ఒకరికి ఫోన్ చేసి "ఈరోజు తాగలేదండీ" అని చెప్పడమేమిటని. కానీ ఏమీ లేని రోజున చేయగలిగిన చెయ్యే ఏదో ఉన్న రోజున కూడా చేస్తుందని రెండో నెలలో తెలిసింది. ఒక సాయంత్రం యావ పుట్టి కాళ్లు పాత దారిలోకి తిరిగాయి. ఆలోచించకుండానే వేలు నంబరు నొక్కింది. "గడియారం చూస్తూ మాట్లాడండి" అన్నారు ఆయన. గొంతులో, దవడల్లో, అరచేతుల్లో ఆ యావ ఎక్కడెక్కడ తెలుస్తోందో అడుగుతూ ఉన్నారు. అది పెరిగింది, కాసేపు అలాగే నిలిచింది, తగ్గింది. ఇరవై మూడు నిమిషాలు. అది తాగేదాకా పెరుగుతూనే పోతుందని నేను పద్దెనిమిదేళ్లు నమ్మాను, ఎందుకంటే ఇరవై మూడో నిమిషం దాకా ఎప్పుడూ ఆగలేదు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉందో ముందు చూసుకోమని ఆయన చెప్పేవారు. నాకు తొంభై పాళ్లు ఆకలే.

1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ ఎలా మొదలైందో మీటింగుల్లో పదిసార్లు విన్నాను గానీ, నాకు అది వినిపించింది ఈ రోజుల్లోనే. అప్పటికి తాగుడు మాని ఐదు నెలలైన బిల్ విల్సన్ అనే ఆయన ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు వ్యాపారం పనిమీద వెళ్లాడు. ఆ పని చెడిపోయింది. హోటలు ముందు హాలులో ఒంటరిగా నిలబడి ఉంటే ఒక పక్క బారులోంచి మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి, మరో పక్క ఫోన్ ఉంది. ఆయన ఫోన్ వైపు నడిచి, చర్చిల జాబితా చూసి, మాట్లాడటానికి ఎవరైనా తాగుబోతును చూపించమని వరుసగా అడిగాడు. అలా మర్నాడు కలిసిన శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ ఆఖరిసారి తాగిన రోజు, 1935 జూన్ 10, ఆ సంఘం పుట్టినరోజు అయింది. విల్సన్ ఆ రోజు ఎవరినో ఉద్ధరించడానికి ఫోన్ చేయలేదు. తాను తాగకుండా ఉండటానికి చేశాడు.

ఇంటి సంగతి కూడా రాయాలి. నేను మానేస్తే ఇల్లు సంతోషంతో నిండిపోతుందని ఊహించుకున్నాను. నా భార్య కోపం అసలు మొదలైంది నేను మానాకే. తాగుతున్నప్పుడు కోపం తెచ్చుకునే తీరిక ఆమెకు లేకపోయింది. "ఏమండీ, మీకు గుర్తులేనివన్నీ నాకు గుర్తున్నాయి" అని ఒక రాత్రి మొదలుపెట్టి రెండు గంటలు చెప్పింది. నేను సమర్థించుకోకుండా వినగలిగింది ఆ ఒక్క రాత్రే, తరువాతి రాత్రుల్లో మాత్రం చాలాసార్లు గొడవపడ్డాం. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ మీటింగులకు ఆమె కొంతకాలం వెళ్లింది. నా అలమరలు వెతకడం తన పని కాదని అక్కడే తెలుసుకున్నానంది. మాత్ర ఇచ్చి నిలబడటం కూడా మానేసింది. "మీది మీరు వేసుకోండి" అని డబ్బా నా చేతికి ఇచ్చినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. డాక్టరు ఆపమనేదాకా ఎనిమిది నెలలు నేనే వేసుకున్నాను.

అమ్మాయి విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. నేను ఇంటికి రాగానే పరుగున వచ్చి మెడ చుట్టూ చేతులు వేసేది. పదకొండేళ్ల పిల్లకు నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని పొంగిపోయేవాణ్ణి. ఒక సాయంత్రం కావలించుకున్నాక వదలకుండా ఒక క్షణం ఆగింది, మెల్లగా ఊపిరి పీల్చడం నా మెడ మీద తెలిసింది. వాసన చూస్తోంది. చూసి, వంటింటి వైపు తిరిగి వాళ్లమ్మకు చిన్నగా తల ఊపింది. నేను చూడనట్టే చెప్పులు విప్పుకున్నాను. తిరగబెట్టిన ఆ నాలుగు రోజుల్లో మొదటిరోజున కూడా అలాగే వచ్చి ఉంటుంది, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లి ఉంటుంది. ఆ సంగతి నేను ఇంతవరకూ తనను అడగలేదు. ఇప్పుడు పదమూడేళ్లు. నేను వచ్చినా పుస్తకంలోంచి తలెత్తకుండా "వచ్చావా నాన్నా" అంటుంది.

తిరగబెట్టిన రోజు నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టి రెండేళ్ల రెండు నెలలైంది. మీటింగులు వారానికి రెండుకు తగ్గాయి. తలుపు పక్కన కుర్చీ ఇప్పుడు ఎక్కువగా కొత్తవారికి దక్కుతుంది. ఇద్దరు కొత్తవారికి నా నంబరు రాసి ఇచ్చాను, ఒకరు చేస్తున్నారు, ఒకరు చేయడం లేదు. పెద్దాయనకు ఇప్పటికీ రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. నిన్న చేసి, చెప్పడానికి ఏమీ లేదండీ అన్నాను. "నాకుంది" అని, వారం రోజులుగా తనను నిద్రపోనివ్వని మోకాలి నొప్పి గురించి పావుగంట సేపు చెప్పారు. గోడకు ఆనుకుని కూర్చుని విన్నాను.